రాని ఆపదకు పాఠాలు

లోకంలో ఉన్న విద్యలు చాలావరకు ఏదో ఒకనాడు ఉపయోగించటానికే నేర్చుకునేవి. వైద్యుడు రోగి కోసం, వడ్రంగి కొయ్య కోసం, న్యాయవాది వ్యాజ్యం కోసం ఎదురుచూస్తారు. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ కూడ ఇది అక్కరకు రాకుండా పోతే బాగుండునని లోలోపల కోరుకునే విద్య ఒకటి ఉన్నది. ఆలయాలను, గ్రంథాలయాలను, చిత్రశాలలను, పాత వీధులను అగ్ని నుండి, వరద నుండి, భూకంపం నుండి కాపాడటం ఎట్లాగో చెప్పే విద్య అది. దాని కోసం దేశదేశాల నుండి కొద్దిమంది ఒకచోట చేరుతారు. రెండు మూడు వారాలు కలసి చదువుతారు, కలసి తిరుగుతారు, వాదులాడుకుంటారు. తరువాత ఎవరి దేశానికి వారు వెళ్ళిపోతారు. అటువంటి శిక్షణ తరగతిని నడపటం పైకి ఒక చిన్న ఉద్యోగం వలె కనిపిస్తుంది. టికెట్లు, గదులు, భోజనాలు, ఉపన్యాసాల పట్టిక - ఇవే దాని బాహ్యరూపం. కాని ఆ పట్టిక వెనుక ఒక పాత ప్రశ్న ఉన్నది: ఇల్లు కూలుతున్న వేళ మనిషి చేయి ముందుగా దేని కోసం చాచాలి? ఆ చేయి చాచే హక్కు ఎవరిది?

ఇల్లు కాలుతుండగా బావి తవ్వబోయినవాని సామెత మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. తెలిసిన సామెతను ఆచరించటం మాత్రం ప్రతి జాతీ ఒక నష్టం తరువాతనే నేర్చుకున్నది. జపాను దేశంలో నారా నగరానికి దగ్గరలో హోర్యూజీ అనే బౌద్ధాలయం ఉన్నది. ప్రపంచంలో నేటికీ నిలిచి ఉన్న కొయ్య కట్టడాలలో అతి ప్రాచీనమైనవి అక్కడ ఉన్నవి. దాని ప్రధాన మందిరపు గోడలమీది చిత్రాలను పండితులు మన అజంతా చిత్రాల సరసన పెట్టి మాట్లాడేవారు. ఆ చిత్రాలు కాలక్రమాన మాసిపోతాయేమోనన్న భయంతో చిత్రకారులు వాటికి ప్రతులు తయారుచేస్తున్న రోజులలోనే, 1949 జనవరి 26న, ఆ మందిరంలో నిప్పు రాజుకొని చిత్రాలు నాశనమయ్యాయి. నెమ్మదిగా వచ్చే కీడును చూసి జాగ్రత్తపడినవారు ఒక్క ఉదయంలో వచ్చే కీడును ఊహించలేకపోయారు. మరుసటి సంవత్సరం, 1950లో, జపాను తన సాంస్కృతిక సంపద రక్షణకు ఒక సమగ్ర శాసనం చేసుకున్నది. 1955 నుండి జనవరి 26ను ఆ సంపదను అగ్ని నుండి కాపాడే దినంగా పాటిస్తున్నారు. ఆనాడు ఆలయాలవద్ద భిక్షువులు, అగ్నిమాపక దళంవారు, ఇరుగుపొరుగువారు కలసి నీళ్ళు చిమ్మి అభ్యాసం చేస్తారు. ఒక దుర్దినాన్ని పంచాంగంలో చేర్చుకొని, ఏటేటా దానితోనే పాఠం చెప్పించుకోవటం ఒక జాతి వివేకానికి గుర్తు.

ఈ విద్య దేశాల ఎల్లలు దాటటానికి కారణం ముందు యుద్ధం, తరువాత ప్రకృతి. రెండవ ప్రపంచయుద్ధంలో జరిగిన విధ్వంసాన్ని చూసిన దేశాలు 1954లో హేగ్ నగరంలో సమావేశమై, యుద్ధ సమయంలో సాంస్కృతిక సంపదను ధ్వంసం చేయరాదని ఒడంబడిక చేసుకున్నవి. రెండేళ్ళ తరువాత, 1956లో, యునెస్కో మహాసభ న్యూఢిల్లీలో జరిగింది. ప్రపంచ సాంస్కృతిక సంపద పరిరక్షణకు, పునరుద్ధరణకు ఒక అంతర్జాతీయ కేంద్రం స్థాపించాలన్న నిర్ణయం ఆ సభలోనే వెలువడింది. ఆ కేంద్రం 1959లో రోము నగరంలో పని ప్రారంభించింది. భారతదేశపు గడ్డమీద చేసిన ఆ తీర్మానం తరువాతి కాలంలో ఎన్ని తరగతులకు మూలమైనదో మనలో చాలామందికి తెలియదు. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు నగరాన్ని ముంచెత్తినప్పుడు, ఎక్కడెక్కడినుండో వచ్చిన యువతీ యువకులు మోకాటిలోతు బురదలో నిలబడి, చేతినుండి చేతికి అందిస్తూ జాతీయ గ్రంథాలయపు పుస్తకాలను పైకి తెచ్చారు. వారిలో ఎక్కువమందికి పుస్తకాల పరిరక్షణ తెలియదు. తడిసిన గ్రంథాన్ని ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా ఆరబెట్టాలో వారు అక్కడే, ఆ బురదలోనే నేర్చుకున్నారు. ఆపద వచ్చిన తరువాత నేర్చుకున్న ఆ విద్యను ఆపదకు ముందే నేర్పటం సాధ్యమా అన్నదే తరువాతి తరం ముందు నిలిచిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక స్పష్టమైన రూపం జపానులోనే ఏర్పడింది. 1995 జనవరి 17న కోబే నగరాన్ని కుదిపివేసిన భూకంపంలో ఆరువేలకు పైగా జనం మరణించారు. భూమి కంపించిన వెంటనే అనేకచోట్ల మంటలు లేచాయి; భూగర్భంలో నీటి గొట్టాలు పగిలిపోవటంవలన ఆర్పటానికి వచ్చినవారికి నీరు దొరకలేదు. పదేళ్ళ తరువాత, 2005 జనవరిలో, అదే నగరంలో విపత్తుల తగ్గింపును గురించి ప్రపంచ సదస్సు జరిగినప్పుడు, సాంస్కృతిక సంపదను గురించి ఆలోచించేవారు కూడ అక్కడ కూర్చున్నారు. విశ్వవిద్యాలయాలు ఈ విషయంలో బోధన చేపట్టాలని వారు కోరారు. 2006 నుండి క్యోటో నగరంలోని రిట్సుమేకాన్ విశ్వవిద్యాలయం ఆ బాధ్యత వహించి అంతర్జాతీయ శిక్షణ తరగతి నడుపుతున్నది. రోములోని కేంద్రం కూడ ఆపత్సమయంలో సాంస్కృతిక సంపదకు ప్రథమ చికిత్స నేర్పే తరగతులను వేరువేరు దేశాలలో నిర్వహిస్తూ వచ్చింది.

ఇటువంటి తరగతికి వచ్చేవారు ఒక తీరువారు కారు. వాస్తుశిల్పి ఉంటాడు, పురావస్తుశాఖ ఉద్యోగి ఉంటాడు, మ్యూజియం అధికారిణి ఉంటుంది, అగ్నిమాపక దళం నుండి వచ్చినవాడూ ఉంటాడు. ద్వీపం నుండి వచ్చినవారికి ఆపద అంటే తుపాను. ఎడారి అంచున మట్టికోట కాపాడేవారికి ఆపద అంటే భూకంపం, కొందరికి యుద్ధం. నదీతీరపు పట్టణంవారికి వరద. ప్రతివారూ తమ ఊరి కీడే లోకంలోకెల్ల పెద్దదని నమ్మి వస్తారు. మ్యూజియం మనిషికి వస్తువు ముఖ్యం, ఇంజనీరుకు గోడ ముఖ్యం, అగ్నిమాపక దళంవానికి ఆ గోడ వెనుక చిక్కుకున్న ప్రాణం ముఖ్యం. నిర్వాహకుని మొదటి కష్టం వీరికి పాఠం చెప్పటంలో లేదు. వీరు ఒకరి మాట ఒకరు వినేటట్లు చేయటంలో ఉన్నది. వాస్తవ జీవితంలో, ఆపద వచ్చిన రాత్రి, ఈ ముగ్గురూ ఒకే గుమ్మం ముందు మొదటిసారిగా ఎదురుపడతారు. అప్పుడు పరిచయాలకు వ్యవధి ఉండదు. తరగతి గదిలో వారిని పక్కపక్కన కూర్చోబెట్టటమే ఒక పాఠం.

రెండవ కష్టం మాటలది. ముప్పు, బలహీనత, విపత్తు అనే మూడింటికీ ఈ శాస్త్రంలో వేరువేరు అర్థాలున్నవి. భూమి కంపించటం ముప్పు. సున్నం రాలిపోయి రాళ్ళ మధ్య పట్టు తప్పిన గోడ బలహీనత. ఈ రెండూ కలసిన క్షణమే విపత్తు. ముప్పును ఆపటం మనిషి చేతిలో లేదు. బలహీనత మాత్రం చాలావరకు మనిషి చేతిలోనే ఉన్నది. ఈ సూత్రం పలకమీద వ్రాసినప్పుడు అందరూ తల ఊపుతారు. కాని మన భాషలలో దీనికి ఎదురు నడిచే మాటలున్నవి. తెలుగువాడు గండం అంటాడు. గండం దానంతట అది వస్తుంది, దానంతట అది గడుస్తుంది. దానిలో మనిషి పాత్ర మొక్కుకోవటం వరకే. ఈ భావాన్ని తీసివేసి, ఆపదలో సగం మన స్వయంకృతమే అని నమ్మించటం రెండు ఉపన్యాసాలతో అయ్యే పని కాదు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆనాడు భూమి కంపించలేదు. ఎప్పటినుండో ఉన్న పగుళ్ళు పెరిగి పెరిగి గోపురాన్ని నిలువునా చీల్చినవి. ప్రమాదాన్ని గుర్తించి ముందుగా జనాన్ని దూరంగా తప్పించటంవలన ప్రాణనష్టం జరగలేదు. ఆ ఒక్క ఉదంతంలోనే తరగతి చెప్పదలచిన మాట రెండు వైపులా ఉన్నది: ఉపేక్షించిన బలహీనత కట్టడాన్ని తీసుకున్నది, సమయానికి చూపిన జాగ్రత్త మనుష్యులను మిగిల్చింది.

ఉపన్యాసాలు ముగించి, నిర్వాహకుడు తన విద్యార్థులను వీధులలోకి తీసుకువెళ్ళిన రోజున అసలు చదువు మొదలవుతుంది. క్యోటో నగరం ఒకప్పుడు పదే పదే కాలిన నగరం. 1788లో, 1864లో చెలరేగిన మంటలలో దానిలో పెద్ద భాగమే బూడిద అయింది. తూర్పుకొండ వాలున కియోమిజు ఆలయం, దాని దిగువన మెట్ల వీధులు, ఒకదానినొకటి ఒరుసుకొని నిలిచిన కొయ్య ఇళ్ళు ఉన్నవి. పెద్ద భూకంపం వస్తే ఆ వీధులలోకి అగ్నిమాపక వాహనం రాలేదు; వచ్చినా, నగరపు గొట్టాలలో నీరు ఉంటుందన్న నమ్మకం లేదు. కోబే నేర్పిన ఆ పాఠాన్ని గుర్తుంచుకొని అక్కడ భూమిలోపల పెద్ద నీటి తొట్లు కట్టారు. ఎత్తున ఉన్న నీరు పల్లానికి దిగే సహజగుణంతోనే పనిచేసేటట్లు, సామాన్య గృహస్థులు కూడ ఉపయోగించగలిగేటట్లు నీటి గొట్టాలు, కుళాయిలు అమర్చారు. దూరదేశాల నుండి వచ్చినవారు జపాను అనగానే అద్భుత యంత్రాలను ఊహించుకుంటారు. వారికి కనిపించేది మాత్రం ఇళ్ళ గుమ్మాల పక్కన నీళ్ళతో నింపి పెట్టిన ఎర్రని బకెట్లు, అంగడివారు తామే పట్టుకోగల నీటి గొట్టం. గొప్ప యంత్రం వచ్చేవరకు ఆలయాన్ని నిలబెట్టవలసినవాడు దాని ఎదుటి ఇంటివాడే అన్న సత్యం ఆ బకెట్లలో ఉన్నది. దానిని గ్రహించిన విద్యార్థి తన ఊరి ఆలయం ముందున్న పూల అంగడిని, టీ దుకాణాన్ని మరొక కంటితో చూస్తాడు.

యంత్రాన్ని నమ్ముకున్నచోట ఏమి జరుగుతుందో చెప్పటానికి పారిస్ నగరపు ఉదాహరణ ఉన్నది. 2019 ఏప్రిల్ 15 సాయంకాలం నోటర్ డామ్ ప్రార్థనామందిరంలో అగ్ని సూచక గంట సకాలంలోనే మ్రోగింది. ఆ సంకేతానికి అర్థం సరిగా తెలియక, కావలివారు ముందు వేరొక కట్టడానికి వెళ్ళి చూశారు. దాదాపు అరగంట కాలం వృథా అయింది. అంతలో మంట పైకప్పులోని పాత దూలాలను పట్టుకున్నది. యంత్రం పలికింది, దాని భాష మనుష్యులకు అందలేదు. అయితే అదే రాత్రి మరొక దృశ్యం కూడ ఉన్నది. అగ్నిమాపక దళంవారు, మందిర ఉద్యోగులు, నగర అధికారులు వరుసగా నిలబడి, క్రైస్తవులు క్రీస్తు ధరించిన ముళ్ళ కిరీటమని విశ్వసించే పవిత్ర వస్తువును, ఇతర సంపదలను చేతినుండి చేతికి అందించి బయటికి తెచ్చారు. మంటలు రేగుతుండగా వెతుకులాడటానికి సమయం ఉండదు. ఏది ముందో, ఏది తరువాతో, అది ఎక్కడ ఉన్నదో ముందే తెలిసి ఉండాలి.

ఆ జాబితా తయారుచేయటం నేర్పే రోజే తరగతిలో అన్నిటికంటె కఠినమైనది. ఒక గదిని మ్యూజియంగా అమర్చి, అది కూలిపోయినదనుకొని అభ్యాసం చేయిస్తారు. ముందు ఎవరూ లోపలికి పరుగెత్తరాదు; గోడ నిలుస్తుందో లేదో తెలిసినవాడు అనుమతించాలి. తరువాత ప్రతి వస్తువును ఉన్నచోటనే ఫొటో తీసి, సంఖ్య వేసి, చీటీ కట్టి, ఎక్కడి నుండి ఎక్కడికి చేరినదో వ్రాసుకొని మరీ కదపాలి. చీటీ లేని శిల్పం దొరికి కూడ సగం పోయినట్లే. తడిసిన కాగితానికి రెండు మూడు రోజులలోనే బూజు పడుతుంది. ఆరబెట్టటానికి చోటు చాలకపోతే దానిని గడ్డకట్టించి ఉంచి, తరువాత నింపాదిగా చికిత్స చేయవచ్చు. తాళపత్రాలను తొందరపడి మండుటెండలో పరిస్తే అవి వంకర తిరిగి పెళుసుబారుతాయి. ఇవన్నీ చేతులకు నేర్పే పాఠాలు. రెండు మూడు రోజుల అభ్యాసంతో వస్తాయి.

చేతులకు వచ్చినంత సులభంగా మనసుకు రానిది ఎంపిక. పది వస్తువులలో మూడింటినే తీయగలిగితే ఏ మూడు? మ్యూజియం అధికారి అపురూపమైనదాన్ని ఎంచుకుంటాడు. చరిత్రకారుడు మరెక్కడా ప్రతి లేని పత్రాన్ని అడుగుతాడు. దక్షిణాసియా నుండి వచ్చినవారు లేవనెత్తే ప్రశ్న మరొకటి. పూజలో ఉన్న విగ్రహం వస్తువా? దానిని ఎవరు తాకవచ్చు? అధికారి చేతి తొడుగు ధరించి ఎత్తవచ్చునా, అర్చకుడు రావలసినదేనా? కళాచరిత్రలో చోటులేని, నున్నగా అరిగిపోయిన ఒక రాయిని ఊరివారు తమ ప్రాణంతో సమానంగా చూసుకుంటారు. అది ఏ జాబితాలో ఉంటుంది? పాశ్చాత్యదేశాలలో పుట్టిన నియమాలు మ్యూజియంను దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి. మన దేశాలలో వారసత్వం ఎక్కువ భాగం గాజు బీరువాలలో లేదు. దీపం వెలుగుతున్న గర్భగుడిలో, జనం నివసిస్తున్న వాడలో, బియ్యపు గాదె పక్కన పెట్టెలో దాచిన తాళపత్రాలలో ఉన్నది. అనుభవం గల నిర్వాహకుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడు. ఆ జాబితాను కార్యాలయంలో కూర్చొని వ్రాయవద్దని మాత్రం చెబుతాడు. అర్చకుని, ఊరిపెద్దను, ఆ వీధి స్త్రీలను అడిగి వ్రాయమంటాడు. ఆపద రాత్రి వారి ఇష్టానికి వ్యతిరేకంగా ఏదీ గుమ్మం దాటదు. వారి సమ్మతి ముందుగా ఉంటే అన్నీ దాటుతాయి.

ఈ తరగతులపై తరచుగా వచ్చే ఆక్షేపణ ఒకటి ఉన్నది; అది నిజాయితీతో కూడినదే. మనుష్యులు శిథిలాల కింద మూలుగుతూ ఉంటే రాళ్ళను, కొయ్యలను గురించి ఆలోచించటం ధర్మమా? ఈ ఆక్షేపణకు ఉపన్యాసం సమాధానం కాదు. కాఠ్మాండూ నగరంలో జరిగినదాన్ని జరిగినట్లు చెప్పటమే సమాధానం.

2015 మార్చిలో జపానులోని సెండాయ్ నగరంలో 187 దేశాల ప్రతినిధులు విపత్తుల తగ్గింపుకు కొత్త ప్రణాళికను అంగీకరించారు. అందులో సాంస్కృతిక సంపద రక్షణను కూడ పేర్కొన్నారు. ఆరు వారాలు తిరగకముందే, ఏప్రిల్ 25 శనివారం, మధ్యాహ్నానికి కొద్ది నిమిషాల ముందు నేపాలు కంపించింది. దాదాపు తొమ్మిదివేలమంది మరణించారు. కాఠ్మాండూ నగరానికి తన పేరిచ్చిన కాష్ఠమండపం ఆనాడు నేలమట్టమైంది. ఒకే వృక్షపు కొయ్యతో కట్టినదని జనశ్రుతి గల ఆ మండపం బాటసారులకు, భక్తులకు శతాబ్దాలుగా నీడ ఇచ్చింది. భూమి కంపించిన సమయానికి అందులో రక్తదాన శిబిరం జరుగుతున్నది. ఇతరుల ప్రాణం కోసం తమ రక్తం ఇవ్వటానికి వచ్చినవారిలో సుమారు పదిమంది ఆ కొయ్యల కిందనే ప్రాణాలు విడిచారు.

తరువాత నేపాలు పురావస్తుశాఖవారు, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయపు పండితులు కలసి ఆ స్థలాన్ని తవ్వి పరిశీలించారు. పునాదులు ఏడవ శతాబ్దినాటివని, అప్పటికీ దృఢంగానే ఉన్నవని తేలింది. లోపం మరొకచోట కనబడింది. మండపాన్ని మోసే నాలుగు మహాస్తంభాలలో ఒకటి తన కింది రాతి పీఠంలో కుదురుకొని లేదు. వెనుకటి మరమ్మతుల మాటున ఆ సంగతి కంటికి కనబడకుండా పోయింది. పూర్వశిల్పి చేసినది నిలిచింది. తరువాతివారు గమనించనిది కూలింది. ఈ కథ విన్న తరువాత, ప్రాణాలా రాళ్ళా అన్న ప్రశ్న తరగతిలో మళ్ళీ అదే రూపంలో వినబడదు. ఆ స్తంభం మొదలును ఎవరైనా పరీక్షించి ఉంటే కాపాడినది కట్టడం ఒక్కటే కాదు. జనం కూడుకునే ప్రతి పాత మండపమూ, ప్రతి గాలిగోపురమూ ఇట్లాగే మనుష్యుల తలలపైన నిలిచి ఉన్నవి. వాటి క్షేమం, వాటి కింద నడిచేవారి క్షేమం ఒకే లెక్కలోనివి.

నేపాలు నేర్పిన రెండవ పాఠం శిథిలాలకు సంబంధించినది. మనుష్యులను వెలికితీయటం మొదటి పని. అందులో సందేహం లేదు. ఆ పని ముగిసిన తరువాత, దారి చేయాలన్న తొందరలో యంత్రాలతో రాశిని ఎత్తి పారబోస్తే, చెక్కిన చూరుకొయ్యలు, తలుపు చట్రాలు, పాత ఇటుకలు చెత్తలో కలసిపోతాయి. పాటన్ రాజభవన ప్రాంగణంలో స్థానికులు, మ్యూజియంవారు, పోలీసులు, సైనికులు కలసి శిథిలాల నుండి శిల్పఖండాలను ఏరి భద్రపరచారు. కూలిన దేవాలయాలను తరువాత తిరిగి కట్టినప్పుడు, వాటి పాత కొయ్యలలో చాలా భాగం తమ తమ స్థానాలకు చేరగలిగినవంటే ఆ తొలి రోజుల ఓపికయే కారణం. ఆ జూన్ నెలలోనే రోముకేంద్రం, దానితో కలసి పనిచేసే సంస్థలు కాఠ్మాండూలో శిక్షణ నడిపినవి. మ్యూజియం ఉద్యోగులతోపాటు సైనికులు కూడ చీటీ కట్టటం, శిల్పాన్ని మోయటం నేర్చుకున్నారు. ఆయుధం పట్టిన చేతులకు ఈ విద్య వేగంగానే అబ్బుతుంది. క్రమశిక్షణ వారికి కొత్త కాదు.

మూడవ పాఠం జ్ఞాపకానికి సంబంధించినది. కాఠ్మాండూ లోయను అంతకుముందు అంతగా కుదిపిన భూకంపం 1934 జనవరి 15న వచ్చింది. రెండింటికీ నడుమ 81 ఏళ్ళు. సామాన్యంగా మనిషి ఆయుర్దాయంకంటె ఆ ఎడబాటు పెద్దది. మొదటిదాన్ని చూసిన కళ్ళు రెండవదానికి ఎక్కువ మిగలలేదు. ఆపదలో ఉన్న మాయ అదే: ప్రతి తరమూ దానిని మొట్టమొదటిదిగా చూస్తుంది. భక్తపూర్‌లో 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల ఆలయం ఈ రెండు భూకంపాలనూ తట్టుకొని నిలిచింది. ఆనాటి వడ్రంగులకు, తాపీ పనివారికి శాస్త్రగ్రంథాలతో పని లేకపోయినా, కొయ్యను ఇటుకతో ఎట్లా కూర్చాలో తెలుసు. ఆ తెలివి నేటికీ నేవారు వడ్రంగుల చేతులలో కొంత మిగిలి ఉన్నది. 1670లో ప్రతాపమల్లుడు తవ్వించిన రాణీపోఖరి చెరువు మధ్యనున్న ఆలయాన్ని భూకంపం తరువాత కాంక్రీటుతో కట్టబోయినప్పుడు నగరవాసులు ఎదురుతిరిగారు. చివరకు పాత పద్ధతిలోనే కట్టి 2020లో ముగించారు. అంటే కాపాడవలసిన జాబితాలో విగ్రహాలు, గ్రంథాలు మాత్రమే ఉండవు. వాటిని తిరిగి చేయగల చేతులు కూడ ఉంటాయి. శిల్పి ఇల్లు కూలి, అతడు పొట్టకూటికి పరదేశం వెళ్ళిపోతే, పోయిన ఆలయం రెండవసారి కూడ పోతుంది.

ఇంత నేర్పినా ఈ తరగతులకు ఒక హద్దు ఉన్నది. నిర్వాహకుని అశాంతికి కారణం అదే. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలో జాతీయ ప్రాకృతిక చరిత్ర మ్యూజియం తగలబడింది. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్‌లోని రియో నగరంలో రెండువందల ఏళ్ళ వయస్సు గల జాతీయ మ్యూజియం మంటలలో పడింది. అగ్నిమాపక దళం వచ్చేసరికి సమీపంలోని నీటి కుళాయిలలో నీరు లేదు. లోకంలో ఈ విద్య లేక అవి కాలిపోలేదు. విద్య ఉన్నది, దానికి సంబంధించిన గ్రంథాలున్నవి, తరగతులున్నవి. కుళాయిలో నీరు మాత్రం లేదు. శిక్షణ పొంది తిరిగివెళ్ళిన ఉద్యోగి తన కార్యాలయంలో మళ్ళీ కింది మెట్టున కూర్చుంటాడు. అతడు వ్రాసిన ప్రణాళిక ఫైలులో చేరుతుంది. పైవారు దానిని మెచ్చుకొని, నిధులు వచ్చే ఏటికి చూతమంటారు. రాని ఆపదకు డబ్బు అడగటం కష్టం. వచ్చిన ఆపదకు దానం చేసేవారు వేలమంది ఉంటారు. రాబోయేదానికి ఒక కొత్త తాళం, ఒక నిచ్చెన, ఒక నీటి తొట్టి కొనిపించటానికి ఏళ్ళు పడుతుంది.

దీనికి తోడు ఈ పనిలో సాఫల్యానికి సాక్ష్యం లేదు. కాలిన ఆలయాన్ని గురించి పత్రికలు వ్రాస్తాయి. మార్పించిన విద్యుత్తు తీగవలన, తీసివేయించిన నూనె డబ్బావలన కాలకుండా మిగిలిన ఆలయాన్ని గురించి వ్రాయటానికి ఏమున్నది? అది నిన్న ఉన్నట్లే నేడూ ఉన్నది. రైతు తన పంటను చూసుకుంటాడు; వైద్యుడు లేచి నడిచే రోగిని చూస్తాడు. ఈ విద్య నేర్పినవాడు ఏమీ జరగకపోవటాన్నే తన ఫలంగా భావించుకొని తృప్తిపడాలి. అందుకే ఇటువంటి తరగతులను ఏళ్ళతరబడి నడిపేవారికి కీర్తికాంక్ష కంటె ఓపిక ముఖ్యం.

అయినా ఒక మార్గం ఉన్నది. దానిని క్యోటో తరగతి తన ముగింపు పనిలోనే చేర్చుకున్నది. ప్రతి విద్యార్థీ వెళ్ళేలోగా తన దేశంలోని ఒక స్థలానికి రక్షణ ప్రణాళిక తయారుచేయాలి. పరాయి ఉదాహరణలన్నీ విన్న తరువాత తన ఊరిని కాగితంమీద పెట్టటం మొదలుపెట్టగానే చాలామందికి చేయి ఆగిపోతుంది. గర్భగుడి రెండవ తాళపుచెవి ఎవరిదగ్గర ఉన్నదో తెలియదు. వర్షాకాలంలో నీరు ఏ వైపునుండి వస్తుందో పటంలో లేదు. జాబితాలోని గ్రంథాలకు మరొక ప్రతి ఎక్కడా దాచలేదు. ఆ జాబితా కూడ అవి ఉన్న గదిలోనే ఉన్నది. విదేశం వచ్చి నేర్చుకున్నదానిలో విలువైనది ఒక్కొక్కసారి తన ఊరిని గురించి తనకు తెలియనివాటి పట్టికయే. ఆ పట్టికతో తిరిగివెళ్ళినవాడు పైవారి ఉత్తరువుకోసం వేచి ఉండనక్కరలేదు. తాళపుచెవికి నకలు చేయించటానికి, జాబితాను మరొక ఇంట దాచటానికి, వీధివారిని ఒక సాయంకాలం పిలిచి మాట్లాడటానికి పెద్ద నిధులు అక్కరలేదు.

అటువంటి ప్రణాళికలలో పటాలు, లెక్కలు, కొలతలు చాలా ఉంటాయి. వాటి అవసరమూ ఉన్నది. కాని ఆపద వచ్చిన రాత్రి విద్యుత్తు ఉండదు, పటం చదివేవాడు ఊళ్ళో ఉండకపోవచ్చు. అప్పుడు పనికివచ్చేది ఒక చిన్న పుట. గుడి వెనుక ఇంటివాడు ఎవరు, పడవ ఎవరిది, బలమైన భుజాలు గల యువకులు ఎందరు, బరువైన విగ్రహాన్ని ఎత్తటం తెలిసిన అర్చకుడు ఎక్కడ నిద్రిస్తాడు, ఏ ఇంట ఎత్తైన పొడి గది ఉన్నది - ఇవి వ్రాసిన పుట. విశ్వవిద్యాలయాలు, అంతర్జాతీయ కేంద్రాలు, మహాసభల తీర్మానాలు ఎన్ని ఉన్నా ఆ పుటను వారు నింపలేరు. తన ఊరిలో ఇంటింటికీ తిరిగి అడిగినవాడే దానిని నింపగలడు. ఆ పేర్లు ఏటా ఒకసారి సరిచూసుకొని, ఆ మనుష్యులు ఏటా ఒకసారి కలసి నీళ్ళు మోసి చూస్తే, నిర్వాహకుడు ఎన్నడూ చూడని ఆ ఊరిలో అతని తరగతి ఇంకా నడుస్తున్నట్లే.